విజిల్ తర్వాత కొట్టిన దెబ్బ

పదహారేళ్లుగా ఒక దెబ్బను దాచుకుని బతుకుతున్నాను. తిన్న దెబ్బను దాచుకునేవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను కొట్టిన దెబ్బను దాచుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసి ఉంటే ఈ కాగితం ముందు కూర్చునేదాన్నే కాదు. నేను పిరికిదాన్ని. ఈ మాట వింటే మా పల్నాట్లో సగం మంది నవ్వుతారు. ఎందుకంటే నా పేరు ముందు వాళ్లు తగిలించిన బిరుదు ‘పల్నాటి ఆడపులి’. నరసరావుపేటలో ఫ్లెక్సీ మీద నా బొమ్మ వెనక నిజంగానే ఒక పులి బొమ్మ వేశారు. ఆ పులి బల్లిని చూస్తే మంచమెక్కుతుంది. ఫోన్‌లో తెలియని నంబరు కనిపిస్తే ఎత్తదు. స్కూలు గేటు దగ్గర ఎవరైనా కొత్త మనిషి నిలబడి నా పేరు అడుగుతున్నాడంటే, అయిపోయింది, తెలిసిపోయింది అనుకుంటుంది. తీరా చూస్తే అతను ఏ పిల్ల తండ్రో అయి ఉంటాడు.

మాది క్యాథలిక్ కుటుంబం. ఏటా ఈస్టరు ముందు పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్తాను. అబద్ధమాడాను, అమ్మ మీద అరిచాను, రెండు ఆదివారాలు చర్చిలో పూజ ఎగ్గొట్టాను అని చెబుతాను. ఫాదర్ గారు “ఇంకేమైనా ఉందా అమ్మా?” అని అడుగుతారు. “ఇంతే ఫాదర్” అంటాను. ఆ ‘ఇంతే’ అనేసి గబగబా లేచి వచ్చేస్తాను. దేవుడి ముందు కూడా దాచాను కాబట్టి, మీ ముందు ఎంత కష్టపడుతున్నానో అర్థం చేసుకోండి.

నేను బాక్సింగ్ ఆడేదాన్ని. ఇప్పుడు దాచేపల్లి దగ్గర ఒక హైస్కూల్లో పి.ఇ.టి.ని. ఉద్యోగం స్పోర్ట్స్ కోటాలో వచ్చింది. ఆ కోటా నాకు దక్కేలా చేసిన మెడల్ ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

షమీమ్, నేను నరసరావుపేటలో ఒకే సార్ దగ్గర నేర్చుకున్నాం. షమీమ్ వాళ్ల నాన్న స్కూటర్ మెకానిక్. మా నాన్న టీచరు. ఇద్దరికీ పంతొమ్మిదేళ్లు. ఇద్దరిదీ నలభై ఎనిమిది కేజీల బరువు. ప్రాక్టీసుకు హాలు ఎక్కడిది? ఒక వ్యాపారి తన పాత మిర్చి గోడౌన్‌లో సగం భాగం సార్‌కి ఇచ్చాడు. మిగతా సగంలో మిరపకాయల బస్తాలు ఉండేవి. మధ్యలో రేకుల గోడ. నాపరాళ్ల నేల మీద పాత పరుపులు పరిచి, పైన టార్పాలిన్ లాగి కట్టి, నాలుగు పక్కలా కొబ్బరితాడు కడితే అదే మా రింగు. పక్కన బస్తాలు దించిన రోజున ఘాటుకు కళ్లు మండిపోయేవి. ముక్కులు కారేవి. దగ్గి దగ్గి కక్కుకున్న రోజులూ ఉన్నాయి. బయటి ఊళ్లలో పోటీలకు వెళ్తే మా కళ్ల ఎరుపు చూసి ఎదుటివాళ్లు భయపడేవాళ్లు. సార్ దానికి చానా గర్వపడేవారు. మా పిల్లలు కారంలో పుట్టారు అనేవారు.

ఈ ఘాటు సంగతి గుర్తుపెట్టుకోండి. నా అబద్ధం దాని వెనకే దాక్కుంది.

ఆ ఏడాది గుంటూరులో పోటీలు పెట్టారు. ఒక్కో సార్ దగ్గర నుంచి ఒక్కో బరువుకు ఒక్కరే వెళ్లాలి. సార్ షమీమ్‌ను నలభై ఎనిమిదిలో పెట్టారు. నన్ను మూడు కేజీలు పెరిగి పై బరువులో ఆడమన్నారు. పై బరువులో నాకంటే జానెడు పొడుగున్న అమ్మాయిలుంటారు. అక్కడ నేను గెలవనని నాకు తెలుసు, సార్‌కీ తెలుసు. నేను ‘సరే సార్’ అన్నాను. రోజూ అరటిపళ్లు తింటూ, తిన్న ప్రతి పండుతోపాటు షమీమ్ మీద కోపం కూడా మింగాను. ఆమె తప్పేముంది? నాకంటే బాగా ఆడేది. అంతకంటే పెద్ద తప్పు నాకు అప్పట్లో ఇంకొకటి కనిపించలేదు.

పోటీలకు రెండు రోజుల ముందు, ఒక సాయంత్రం. మిగతా అమ్మాయిలు పరీక్షలని రాలేదు. మేమిద్దరమే. మూడు రౌండ్లు ఆడాం. సార్ విజిల్ ఊదారు. బయట ఎవరో పిలిస్తే వెళ్లారు. మా హెడ్‌గార్డుల పట్టీలు సాగిపోయి ఉండేవి. రెండు గ్లౌజులతో కింది నుంచి పైకి నెడితే ఊడొచ్చేవి. షమీమ్ రెండు చేతులూ ఎత్తి అలాగే నెట్టింది. హెడ్‌గార్డు ఊడింది. ముఖం బయటపడింది. చేతులింకా పైనే ఉన్నాయి. నవ్వుతూ ఉంది.

“నువ్వు పై వెయిట్‌లో ఆడుకోవే, నీకు అదే సరిపోద్ది” అంది.

ఎగతాళికే అంది. రోజూ ఇలాంటివి అనుకునేవాళ్లం. నేను ఇంతకంటే పెద్ద మాటలే అనేదాన్ని.

కొట్టాను. కుడిచేత్తో, ఒళ్లంతా తిప్పి, చెవి పైన. సార్ మూడేళ్లుగా ‘భుజం వెయ్యమ్మా, భుజం వెయ్యి’ అని మొత్తుకున్నా నాకు కుదరని దెబ్బ ఆ క్షణాన కుదిరింది. షమీమ్ వెనక్కి పడింది. పరుపు అంచు దాటి పడింది. తల నాపరాయికి తగిలిన చప్పుడు నాకు వినిపించింది. ఆ చప్పుడు ఎలా ఉందో రాయాలని రెండుసార్లు ప్రయత్నించి కొట్టేశాను. నన్ను వదిలెయ్యండి.

ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఎంతసేపో తెలియదు. నేను కదల్లేదు. ఆమె దగ్గరికి కూడా వెళ్లలేదు. తలుపు వైపు చూశాను. ముందు చూసింది తలుపు వైపే. ఇన్నేళ్లలో నన్ను నేను ఎన్ని రకాలుగా వెనకేసుకొచ్చినా, ఈ ఒక్క చూపు దగ్గర నా వాదన ఆగిపోతుంది.

తర్వాత లేచి కూర్చుంది. గోడ దగ్గరికి పాకి వాంతి చేసుకుంది. అప్పుడే సార్ లోపలికి వచ్చారు.

“ఏందమ్మా, ఏమైంది?”

“ఘాటు సార్” అన్నాను. “పక్కన బస్తాలు దించుతున్నారు గదా. దీనికి పడలా.”

నిజంగానే దించుతున్నారు. సార్ కూడా దగ్గారు. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. “వీళ్లకి ఎన్నిసార్లు చెప్పినా ఇంతే” అని రేకుల గోడ మీద అరచేత్తో బాది, గోడౌన్ వాళ్లను తిట్టుకుంటూ మళ్లీ బయటికి వెళ్లారు.

షమీమ్ నా వైపు చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి.

“నేనెట్టా పడ్డానే?” అంది.

ఆమెకు గుర్తులేదు! ఆ క్షణంలో నాకు కలిగింది భయమని మీరనుకుంటారు. కాదు. సంతోషం కలిగింది. ప్రాణం లేచొచ్చింది.

“కాలు జారింది. టార్పాలిన్ తడిగా ఉంది గదా” అన్నాను.

“తల దిమ్ముగా ఉందే.”

“సార్‌కి చెప్పమాక. చెప్పావంటే నిన్ను ఆపేస్తాడు.”

“నువ్వు చెప్పమాక మరి” అని నా చెయ్యి పట్టుకుంది. అదే చెయ్యి. గ్లౌజు ఇంకా తియ్యలేదు.

అంతే. మా ఇద్దరి మధ్య జరిగింది ఇంతే. పట్టుమని పది మాటలు లేవు.

రెండు రోజుల తర్వాత గుంటూరులో, ఆట ముందు డాక్టరు గారు అందరినీ పరీక్ష చేశారు. తలనొప్పి ఉందా, వాంతులయ్యాయా అని షమీమ్‌ను అడిగారు. లేదంది. టార్చి వేసి కళ్లు చూసి, ఇంత ఎర్రగా ఉన్నాయేంటని అడిగారు. సార్ నవ్వి, మా పిల్లల కళ్లన్నీ అంతేనండీ, మిర్చి గోడౌన్‌లో ప్రాక్టీసు చేస్తారు, ఇదిగో ఈ పిల్లవీ చూడండి అని నన్ను ముందుకు తోశారు. డాక్టరు గారు నా కళ్లు కూడా చూశారు. నావీ ఎర్రగానే ఉన్నాయి. నవ్వి సంతకం పెట్టారు. నేను షమీమ్ బ్యాగు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

షమీమ్‌కు ఎదురుగా ఆడిన అమ్మాయి పేరు నాగమణి. నడికుడిలో రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు. పదిహేడేళ్ల పిల్ల. రెండో రౌండులో నాగమణి ఎడమచేత్తో ఒకటి వేసింది. చిన్న దెబ్బ. దూరాన్ని అంచనా కట్టుకోవడానికి ఊరికే అలా విసురుతాం. షమీమ్ నిలబడిన చోటే కూలిపోయింది. జనం ఈలలు వేశారు. లేచి చప్పట్లు కొట్టారు. ఆమె లేవడం లేదని తెలియడానికి వాళ్లకు కొంతసేపు పట్టింది. నాకు ఆమె పడకముందే తెలుసు.

ఆసుపత్రిలో తలకు ఆపరేషన్ చేశారు. ఈ ఒక్క దెబ్బకే ఇంత జరిగిందా, ఇంతకుముందు తలకు దెబ్బేమైనా తగిలిందా అని అక్కడి పెద్ద డాక్టరు అడిగారు. అందరూ నా వైపు తిరిగారు, రోజూ ఆమెతో ఆడేదాన్ని నేనే కాబట్టి. సార్, షమీమ్ వాళ్ల నాన్న, వాళ్లమ్మ. ‘లేదండీ’ అన్నాను. ఆ మూడక్షరాలకు నాగమణి బతుకు తలకిందులైంది.

షమీమ్ చనిపోలేదు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు స్వాధీనంలో లేవు. మాట నెమ్మదిగా వస్తుంది, ఒక్కో మాటను వెతుక్కుని తెచ్చుకుంటుంది. నాగమణిని ఎవరూ కేసులు పెట్టి వేధించలేదు. ఆటలో జరిగింది కదా అన్నారు. కానీ ఆ పిల్ల ఎక్కడికి వెళ్లినా ‘అదిగో, ఆ సాయిబుల పిల్లను పడగొట్టింది ఇదే’ అన్నారు. మళ్లీ గ్లౌజు ముట్టలేదు. ఏడాది తిరక్కుండానే పెళ్లి చేసేశారు. సార్ గోడౌన్‌కు తాళం వేశారు. నా తప్పే, నా తప్పే అనుకుంటూనే పోయారు.

మరి నేను? తర్వాతి పోటీల్లో నలభై ఎనిమిది ఖాళీ అయింది. అరటిపళ్లు మానేశాను. గెలిచాను. ఆ పైన ఇంకా గెలిచాను. ఓపెన్ జీపులో ఊరేగించారు. మేళం, టపాకాయలు, పూలు. జీపు షమీమ్ వాళ్ల వీధిలోకి వచ్చినప్పుడు దిగి పారిపోదామనుకున్నాను. వాళ్ల నాన్న చేతిలో పానా పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఎదురొచ్చి నా మెడలో దండ వేశారు. “మా షమీమ్ గెలిచినట్టేనమ్మా” అన్నారు. నా తెల్ల ట్రాక్‌సూట్ భుజానికి గ్రీజు అంటింది. అమ్మ ఎంత ఉతికినా పోలేదు. ఆ ట్రాక్‌సూట్‌ను ఎవరికీ ఇవ్వలేకపోయాను, పారెయ్యలేకపోయాను.

మా స్టాఫ్‌రూమ్‌లో అప్పుడప్పుడూ వాదన జరుగుతుంది. ఒకరినొకరు తలల మీద కొట్టుకోవడం ఏం ఆట, దానికి చప్పట్లేంటి, దండలేంటి అంటారు సైన్సు మాస్టారు. ఆడపిల్లలకు ధైర్యం వస్తుంది, ఊరికి పేరొస్తుంది అంటారు హెడ్‌మాస్టారు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగి, మీరు చెప్పండి మేడం, ఛాంపియన్ మీరు అంటారు. నేను టీ చల్లారిపోతోందంటాను. ఏం చెప్పను? సైన్సు మాస్టారి పక్షాన నిలబడాలని ఎన్నిసార్లు అనిపించిందో. ఆటే చెడ్డదని తేలిపోతే నేను కొంత తప్పించుకోవచ్చు. కానీ ఆట నన్ను కొట్టమనలేదు. ఆట విజిల్ ఊదింది. ఆగమంది. ఆగనిది నేను. అలాగని హెడ్‌మాస్టారితోనూ గొంతు కలపలేను. గెలిచినదాన్ని జీపెక్కించే ముందు గోడౌన్‌లో ఏం జరిగిందో ఒక్కరైనా అడగలేదు. ఓడి పడిపోయిన పిల్ల మళ్లీ లేచిందా లేదా అని చూడకుండానే చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లలో నాకు ఎంత చోటు దొరికిందో దాక్కోవడానికి! నాకు మీ పూలదండలంటే భయం. అవి మెడలో పడ్డ ప్రతిసారీ ఇంకో ఏడాది నోరు మూసుకోగలిగాను.

నేను నేర్పే పిల్లలకు ఒక కఠినమైన నియమం పెట్టాను. విజిల్ వినపడగానే ఇద్దరూ వీపు తిప్పి ఎవరి మూలకు వాళ్లు నడవాలి. హెడ్‌గార్డు నేనే వచ్చి తీస్తాను. వాళ్లు ముట్టుకోకూడదు. ఎవరైనా వాంతి చేసుకున్నా, తల తిరుగుతోందన్నా, నెల రోజులు ఆట బంద్. పేపరులో ఒకసారి నా గురించి రాశారు. ఎంత జాగ్రత్త, ఎంత క్రమశిక్షణ అని. చదివి బాత్రూములోకి వెళ్లి వాంతి చేసుకున్నాను.

షమీమ్‌ను చూడటానికి వెళ్తాను. ప్రతి రంజాన్‌కూ, మధ్యలో మరో రెండుసార్లూ. వాళ్ల స్కూటర్ షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటుంది. వాళ్ల నాన్న ఇప్పుడు లేరు, అన్న నడుపుతున్నాడు. నన్ను చూడగానే ముఖం వెలుగుతుంది. కాసేపటికి మాట వెతుక్కుని అడుగుతుంది.

“నేనెట్టా... పడ్డానే?”

ప్రతిసారీ ఇదే. వాళ్లమ్మ లోపల్నుంచి జవాబు చెబుతుంది, ఆ నడికుడి పిల్ల కొట్టింది గదమ్మా అని. షమీమ్ తల తిప్పదు. నా వైపే చూస్తూ ఉంటుంది. ఒకసారి వాళ్లమ్మను అడిగాను, మిమ్మల్ని కూడా ఇలాగే అడుగుతుందా పిన్నీ అని. లేదమ్మా, నిన్ను చూస్తేనే అడుగుద్ది అంది. ఆ రోజు బస్సులో నేను దిగాల్సిన చోటు దాటిపోయాను. ఆమె ఏ పడటం గురించి అడుగుతోంది? ఆమెకు ఎంత గుర్తుంది? గుర్తుండే అడుగుతోందా? పక్కూళ్లలో మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే నెలలు వస్తే దారంతా ఆ వాసనే. తప్పించుకునే దారి పల్నాట్లో ఎక్కడుంది?

ఇన్నాళ్లూ దాచినదాన్ని ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన నెల నాగమణి మా స్కూలుకు వచ్చింది.

దాచేపల్లిలోనే కాపురమట. భర్త సిమెంటు లారీ నడుపుతాడు. కూతురు మా స్కూల్లోనే ఎనిమిదో తరగతి. ఆ పిల్ల ఆమె కూతురని నాకు తెలియదు. అప్పటికి నెల నుంచి నా దగ్గర నేర్చుకుంటోంది. చురుకైన పిల్ల, కాళ్లు ఎంత బాగా కదుపుతుందో. నాగమణి గ్రౌండు అంచున నిలబడి, లోపలికి రాకుండా, నన్ను పిలిచింది.

“అక్కా, దానికి నేర్పమాకు” అంది.

“ఎందుకు? బాగా ఆడుతోంది.”

“అందుకే. మా చెయ్యి మంచిది గాదక్కా. నీకు తెలియనిదేముంది.” తన ఎడమ చేతిని చూసుకుంది. “నేను గట్టిగా ఎయ్యలా. ఒట్టు. ఊరికే అట్టా ఇసిరా. అంత దెబ్బ ఎట్టా తగిలిందో నాకిప్పటికీ తెలవదు. బిడ్డ తలకు నూనె రాసేప్పుడు కూడా ఆ చెయ్యి వాడను.”

బిడ్డ తలకు నూనె రాసేప్పుడు కూడా.

నేనేం చేశానో తెలుసా? ‘ఆటలో ఇవన్నీ మామూలే నాగమణీ, మనసులో పెట్టుకోకు’ అన్నాను. టీచరమ్మ గొంతుతో అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, నీది పెద్ద మనసక్కా అని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆ పిల్ల ప్రాక్టీసుకు రాలేదు. ఇంటర్వెల్‌లో దూరంగా గోడ దగ్గర నిలబడి, గాలిలోకి చేతులు విసురుతూ, నేను చూస్తే ఆపేస్తుంది. నా దెబ్బ షమీమ్ దగ్గర ఆగిందనుకున్నాను. నాగమణి దగ్గర ఆగిందనుకున్నాను. అది ఇంకా వెళ్తూనే ఉంది.

వచ్చే ఆదివారం నరసరావుపేటలో కొత్త బాక్సింగ్ హాలు తెరుస్తున్నారు. నాకు సన్మానం. షమీమ్‌ను కూడా వేదిక మీదికి తీసుకొస్తామని వాళ్లన్న ఫోన్ చేశాడు. ఆమె చేతికి మైకు ఇస్తారట, రెండు మాటలు మాట్లాడుతుందట. ఆమె ఏ రెండు మాటలు మాట్లాడుతుందో నాకు తెలుసు. 

ఆ వేదిక మీద నేను ఏం చేస్తానో మీకు మాటివ్వను. మాటిచ్చి తప్పితే మీకు కూడా ఒక అబద్ధం చెప్పినట్టవుతుంది. ఉద్యోగం పోతుందేమో. పోలీసులు వస్తారేమో. షమీమ్ వాళ్లన్న ఏం చేస్తాడో. నేను నేర్పే పిల్లలు నా ముఖం ఎలా చూస్తారో. ఇవన్నీ ఉన్నాయి. ఇది రాస్తున్నంతసేపూ రెండుసార్లు లేచి తలుపు గడియ చూసొచ్చాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? ఆ హక్కున్న ఇద్దరికీ నేను చేసింది ఏమిటో కూడా తెలియదు.

కానీ షమీమ్ అడిగే ప్రశ్నకు జవాబు ఎప్పుడూ నా నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఒక్కసారైనా దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి.  ఇక్కడ పెడుతున్నాను.

నాగమణీ, నీ చెయ్యి మంచిదే. బిడ్డ తలకు నూనె రాయి.

షమీమ్, నీ కాలు జారలేదు. విజిల్ అయిపోయాక, నువ్వు నవ్వుతూ ఉండగా, నేను కొట్టాను.